తొలి మెట్టు చెదరనీయరాదు
(పిట్టలవానిపాలెంలో ముస్లిం తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2007 నాటి బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషను, బోధన రుసుముల చెల్లింపు పథకం లేనిచో మన దర్జీ కొడుకు, మెకానిక్ కూతురు ఎందరో కంప్యూటర్ సైన్సు తరగతిలో కూర్చుండగలిగేవారు కారు. ఆ సీటు దయగా రాలేదు, హక్కుగా వచ్చింది.

నేడు ఆ చదువు చివరనున్న ద్వారమే ఇరుకవుతున్నది. చిన్న ప్రోగ్రాములు వ్రాయడం, తప్పులు వెదకడం, పరీక్షించడం కొత్తవారికి అప్పగించే పనులు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, అనుభవజ్ఞుడొకడు కృత్రిమ మేధ సాయంతో వాటిని తానే ముగించగలుగుతున్నాడు. దీని ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తులలో 22–25 ఏండ్లవారి ఉపాధి, ఇతరులతో పోల్చిచూస్తే 13 శాతం తగ్గినదని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో తెలిపారు.

షెడ్డులో శాగిర్దుగా బోల్టులు బిగించినవాడే రేపటి ఉస్తాదు. శాగిర్దునే వద్దంటే ఉస్తాదు ఎక్కడినుండి వస్తాడు?

మనకు మరొక చిక్కున్నది. రిజర్వేషను కళాశాలలోను, రాష్ట్ర ప్రభుత్వ కొలువులోను వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీ గడప వద్ద ఆగిపోతుంది. ఖాళీలు తగ్గినకొద్దీ సిఫారసుకు విలువ పెరుగుతుంది. మన పిల్లలకు లోపల చాచా లేడు, మామూ లేడు.

కనుక నా మనవి. డబ్బు కడితే ఉద్యోగమనే దళారులకు పైసా ఇవ్వకండి. పిల్లలు ఈ సాధనాన్ని నేర్వాలి. అది వ్రాసినదానిలో తప్పెక్కడో పట్టుకోగలగాలి. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా లభిస్తాయి. ఉద్యోగంలోనున్న ప్రతి యువకుడు ఒక తమ్మునికో చెల్లెలికో దారి చూపాలి. కుల ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకొని ప్రభుత్వ నియామక ప్రకటనలనూ గమనించండి. కొలువు ఆలస్యమైనదని కూతురి చదువు మాన్పించకండి.

ప్రభుత్వాన్నీ అడుగుదాం. 2025లో విశాఖలో టీసీఎస్‌కు ఇరవై ఎకరాలకు పైగా భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వ నిర్ణయించారు. ప్రజల భూమి పొందే సంస్థలు కొత్త పట్టభద్రులకు జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలనడం భిక్ష కాదు, న్యాయమైన కోరిక.

చదువుమన్న ఆజ్ఞతో దైవవాణి మొదలైన సముదాయం మనది. తొలి మెట్టు చెదిరితే మన చేతులే మెట్టుగా నిలుపుదాం.