పాట కింద పేరెవరిది?

(యువజన సాంస్కృతిక శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



డప్పు నేర్చుకోడానికొస్తే ఈ పంతులు గిటారు వాయించే అమెరికావాడి గురించి చెప్తున్నాడేంటని అనుకోకండి. సంగతి వినండి.

చక్ బెర్రీ నల్లజాతివాడు. 1926లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. 1979లో ఒక ఆల్బమ్ తెచ్చాక 38 ఏళ్ల దాకా కొత్తది రాలేదు. ఆయన ఖాళీగా మాత్రం కూర్చోలేదు. తన ఊళ్లోనే బ్లూబెర్రీ హిల్ అనే చోట నెలకొకటి చొప్పున మొత్తం 200కి పైగా కచేరీలు చేశాడు. 2016లో, 90వ పుట్టినరోజున, కొత్త ఆల్బమ్ వస్తోందని ప్రకటించాడు. 68 ఏళ్లు కలిసి బతికిన భార్య థెమెట్టాకి దాన్ని అంకితమిచ్చాడు. కొడుకు గిటారు వాయించాడు, కూతురు పాడింది. 2017 మార్చిలో ఆయన పోయాడు. జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ‘చక్’.

అట్ట మీద తన పేరే. ఆ పేరు చూస్తే నాకు 1955 గుర్తొస్తుంది. ఆయన మొదటి రికార్డు ‘మేబెలీన్’ ఆ ఏడే మోగిపోయింది. తీరా చూస్తే రచయితలుగా ఇంకో ఇద్దరు తెల్లవాళ్ల పేర్లున్నాయి. ఒకడు రేడియోలో పాటలు వేసే అలాన్ ఫ్రీడ్, రెండోవాడు రస్ ఫ్రాటో. పాట కట్టింది ఒకడు, వాటా పంచుకున్నది ముగ్గురు! ఆ పాట పూర్తిగా తన పేరు మీదికి రావడానికి 1986 దాకా పట్టింది. అంటే 31 ఏళ్లు.

1958 నాటి ‘జానీ బి. గూడ్’లో కుర్రాడు నల్లవాడని మొదట రాసుకున్నాడు. అట్లా ఉంటే రేడియోలో వెయ్యరని పల్లెటూరివాడని మార్చాడు. 1977లో వాయేజర్ నౌకల్లో అమెరికా పంపిన బంగారు రికార్డులో ఆ పాట ఉంది. నల్లవాడన్న మాట రేడియోకెక్కలేదు గానీ, పాట మాత్రం ఆకాశానికెక్కింది. రాక్ రాజు కిరీటం ఎల్విస్ ప్రెస్లీకి పెట్టారు.

అట్లాగని ఆయన్ని దేవుణ్ని చెయ్యొద్దు. 14 ఏళ్ల ఆదివాసీ బాలిక కేసులో 1962లో జైలుకెళ్లాడు. మొదటి జడ్జి జాతి అహంకారంతో మాట్లాడాడని పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. రెండో విచారణలోనూ శిక్ష పడింది. ఈ రెండూ నిజాలే. ఆయన పాట గురించి చెప్పేటప్పుడు ఆ పిల్లని మరిచిపోతే మనం న్యాయం మాట్లాడినట్టు కాదు.

ఇక మన సంగతి. మన వాడల్లో పుట్టిన పాట బయటికెళ్లగానే ‘జానపదం’ అయిపోతుంది. కట్టినోళ్లు లేక కాదు, వాళ్ల పేరు అడిగినోడు లేక. మా అమ్మ నాట్లేస్తూ కట్టిన పాట ఒకటి ఎవరో కేసెట్లో వాళ్ల పేరుతో వేసుకున్నారు. అమ్మ విని నవ్వి ఊరుకుంది. ఆమెకి అక్షరం రాదు. మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాణ్ని నేను. నేనూ ఊరుకున్నాను. అమ్మ నవ్వుకి అర్థం ఉంది గానీ, నా మౌనానికి లేదు.

అందుకే మీకు చెప్పేది ఒకటే. ఈ రోజు ఇంటికెళ్లి ఒక నోటుబుక్కు తెరవండి. అమ్మ పాట, తాత దరువు, కట్టినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. 31 ఏళ్లు ఆగొద్దు.

జై భీమ్!