పిల్లలకు బొమ్మల పుస్తకాలు కూడా కొందాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఏటా మన పిల్లలకు పాఠ్యపుస్తకాలు, గైడ్లు కొనిపెడుతున్నాం. మంచిదే. కాని వికారాబాదులో గానీ, తాండూరులో గానీ మన ఇళ్ళలో చిత్రకళను గురించిన పుస్తకం ఒక్కటైనా ఉందా? ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అని పిల్లవాడి చేతిలోని పెన్సిలు లాక్కున్నవాళ్ళం మనమే గదా!

ఎం. ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా బోర్డులకు రంగులు వేసి పొట్ట పోసుకున్నారు. ఆ చేతికే తర్వాత లోకమంతా పేరొచ్చింది. సంజీవదేవ్ (1914–1999) తుమ్మపూడి అనే పల్లెలో ఉండే బొమ్మలు వేశారు, కళలను గురించి తెలుగులో పుస్తకాలు రాశారు. పల్లెటూరు ఆయనకు అడ్డం రాలేదు.

పుస్తకం చదివినంత మాత్రాన ఎవరూ చిత్రకారులు కారు. అది చూడటం నేర్పుతుంది. మన పెద్దలు ఖుష్‌ఖత్ నేర్చుకున్నది కూడా ఉస్తాదు రాతను చూసి చూసి, దిద్ది దిద్దే. ఇంట్లో పరిచిన తాండూరు బండల మీద సుద్దముక్కతో గీసే పిల్లను కసరకుండా, ఏం గీసిందో ఒక్కసారి వంగి చూద్దాం.

అందుకని మా మనవి. ఈ ఏడు గైడ్లతోపాటు నాలుగు కళల పుస్తకాలు కూడా కొందాం. బీరువాలో పెట్టి తాళం వెయ్యొద్దు, పిల్లల వెంట ఇళ్ళకు పంపుదాం. రంగు మరకలు పడితే పడనివ్వండి.