కొలదికి తగిన సాన

అహోబిలమున నరసింహస్వామికి ఆయుధముతో పని లేకపోయినది, గోళ్లే చాలినవి. ఆ కొండల దాపున నివసించువారికి మాత్రము కత్తి, కొడవలి, గొడ్డలి లేక దినము గడవదు. ఆళ్లగడ్డ శిల్పికి ఉలియే బ్రతుకుతెరువు. కత్తులు చేయ బూనిన వారు తమ కొలదికి తగిన సానను ఎట్లు ఎన్నుకొనవలెనో నేడు ముచ్చటింతుము.

మేము చూచిన ఒక కొలిమిలో పెద్ద బెల్టు గ్రైండరొకటి గోనె కప్పుకొని యుండెను. అప్పు చేసి కొన్నారు. అరిగిన బెల్టు మార్చుటకు రొక్కము మిగులలేదు. యంత్రమునకు వ్యయము ఒక్కసారియే, బెల్టులకు నిత్యము. ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

స్వల్పధనము గలవారికి ఆకురాయి, సానరాయి చాలును. ఉక్కు మెత్తగా నున్నపుడే ఆకురాయితో వాలు తీర్చి, పిమ్మట కాల్చి పదును పెట్టవలెను. పని ఆలస్యమగును గాని చెడదు.

మధ్యతరగతికి అంగుళము వెడల్పు, ముప్పది అంగుళముల చుట్టు గల చిన్న బెల్టు గ్రైండరు తగును. ఉలులకు, కొడవళ్లకు పదును తీయుటకు అది మేలు. దళసరి ఉక్కును అరగదీయుటకు చాలదు.

కత్తులే వృత్తిగా గలవారికి రెండంగుళముల వెడల్పు, 72 అంగుళముల చుట్టు గల బెల్టు, ఒకటిన్నర లేక రెండు అశ్వశక్తుల మోటారు తగినవి. అశ్వశక్తి మాత్రమే గాక వేగము కూడ అడుగవలెను. 100 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 1440 చుట్లు తిరిగినచో బెల్టు సుమారు 450 మీటర్లు పరుగిడును. 2880 చుట్లయినచో 900 మీటర్లు. ముతక పనికి వేగము లాభము, నునుపునకు నెమ్మది మేలు. కనుక వేగము మార్చు సాధనము గల యంత్రమునకు కొంత ఎక్కువ వెచ్చించినను నష్టము లేదు. ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో త్రీ ఫేజు మోటారును నడపగల సాధనములును కలవు. కొనునపుడు అట్టిదే అడుగవలెను.

బెల్టులలో ముతకకు 60, నడిమి పనికి 120, నునుపునకు 400 సంఖ్యలవి ముందుగా చాలును. అరిగిన బెల్టు కోయదు, కాల్చును. అంచు నీలివన్నెకు తిరిగినచో వేడి సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు చేరినదని తెలియవలెను. సామాన్యపు కార్బన్ ఉక్కు అచ్చట మెత్తబడును; ఎంత నూరినను ఆ పదును నిలువదు. ప్రక్కన నీటితొట్టి నుంచుకొని, కత్తిని వట్టి చేతితో పట్టి, వేడి తగిలినంతనే ముంచవలెను.

కంటికి అద్దములు, ముక్కునకు ముసుగు లేక యంత్రము నడుపరాదు. వ్రేలాడు ఉత్తరీయము అసలే కూడదు. ఈ వస్తువుల వెల ఏ కొలదివారైనను తొలి లెక్కలోనే వేసికొనవలెను.