జలాశయ తీరమున అతిథులు - పంచాయతీల పని

జలాశయపు ఒడ్డు గ్రామముల పంచాయతీ సభ్యులారా,

మన నల్లగొండ, మహబూబునగరు సీమకు సముద్రము లేదు. అయినను కృష్ణానది వలన మనకు రెండు చిన్న సముద్రములు లభించినవి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము ఒకటి; దానికి ఎగువనున్న శ్రీశైలము జలాశయము రెండవది. సాగరు నిర్మాణ కాలమున విశాఖ తీరమునుండి వచ్చిన జాలరులు నల్లగొండ జిల్లాలో స్థిరపడిన చోటికి వైజాగ్ కాలనీ యని పేరు. నేడు అక్కడికి నగరవాసులు చేపల వేపుడు కొరకే వచ్చుచున్నారు.

నేను చెప్పబోవునది శ్రీశైలము జలాశయపు ఒడ్డుననున్న సోమశిలను గురించి. కొల్లాపురము మండలములోని ఈ గ్రామము 2016 వరకు మహబూబునగరు జిల్లాలోనిది. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఇటీవల అక్కడ ఒక కుటీరములో రెండు రాత్రులు బస చేసితిని. ముంపునుండి తరలించి కట్టిన సోమేశ్వరుని గుడి గంట, చల్లని గాలి, భోజనమునకు బొచ్చె పులుసు. ఆ పులుసు రుచి ఇంకను మరపునకు రాలేదు.

మరునాడు తెల్లవారుజామున రేవునకు పోగా, జాలరి దంపతులు పుట్టిలోనుండి వలను దించుచుండిరి. సగము వల పీలికలై యున్నది.

"రాత్రి మిషన్ పడవ వల మీదికెళ్లి పోయింది సారూ. ఎవల్నడగాలె?" అని ఆయన అడిగెను.

చీకటిపడిన తరువాత విహారమునకు పోయిన పడవ ఒక్కటే. అందులో నేనును ఉంటిని. కొంత సొమ్ము ఇయ్యబోగా ఆయన పుచ్చుకొనలేదు. "మీరు చుట్టాలోలె వచ్చిండ్రు, మీరెందుకిస్తరు?" అనెను.

జాలరులు పొద్దుగూకు వేళ వలలు వేసి, తెల్లవారుజామున ఎత్తుదురు. అతిథులు విహారమునకు కోరునవియు ఆ వేళలే. కావున మత్స్య సహకార సంఘము వారిని, పడవలవారిని, బసలు నడుపువారిని మీరు గ్రామసభలో ఒకచోట కూర్చుండబెట్టవలెను. పడవ దారికి ఇరువైపుల తేలెడి డబ్బాలు కట్టి గుర్తులుంచవలెను. చీకటిపడిన పిమ్మట పడవ కదలరాదు. తెగిన వలకు ఎవరు చెల్లింపవలెనో ముందుగనే వ్రాసికొనవలెను.

ఆ రాత్రి మాకు లైఫ్ జాకెట్లు ఎవరును ఇయ్యలేదు, మేమును అడుగలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పలువురు మరణించిన సంగతి మీరెరిగినదే. ఇక చెత్త మాట వేరుగ చెప్పనక్కరలేదు. అతిథులు పారవేసిన సీసాపెంకులు గుచ్చుకొనునది జాలరుల కాళ్లకే.

శ్రీశైలము పూర్తి నీటిమట్టము 885 అడుగులు. వేసవిలో మునిగిన సంగమేశ్వరాలయము బయటపడునంతగా నీరు దిగిపోవును. అప్పుడు రేవు జరుగును, పడవ దారియు మారును. కనుక ఆ గుర్తులను వరద వచ్చిన తరువాత ఒకమారు, వేసవికి ముందు ఒకమారు, జాలరులను వెంటబెట్టుకొని సరిచేయవలెను.