తిరగరాస్తేనే తీరు

రాసిందే మళ్లీ రాయాలంటే విసుగొస్తోందా? గురజాడను గుర్తు చేసుకోండి. ఆయన రాసిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అంతకుముందే ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్న నాటకం. అయినా ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. 1909లో వచ్చిన ఆ రెండో కూర్పునే మనం ఇవాళ చదువుకుంటున్నాం.

మరి మీరేం చేయాలి? రాసింది నాలుగు రోజులు పక్కన పెట్టండి. తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. ‘అతని చేత తలుపు తెరవడం జరిగింది’ అని ఉందా? ‘తలుపు తీశాడు’ అనండి, చాలు. సంభాషణలైతే ఇంట్లో ఎవరిచేతైనా చదివించి వినండి.

తిరగరాయడం చేతకానితనం కాదండీ, పనితనం. ఈ వారం కొత్తది మొదలుపెట్టే ముందు పాతదొకటి తీసి, పైకి చదివి, దిద్దండి.