బిడ్డ ఖర్చు ఎవరిది? బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులు నేర్పే పాఠం

బిడ్డ పుట్టగానే ఇంట్లో రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. ఖర్చు పెరుగుతుంది, తల్లి పనికి వెళ్లలేదు కనుక రాబడి తగ్గుతుంది. తల్లికీ బిడ్డకూ మంచి తిండి, విశ్రాంతి ఎక్కువగా కావలసిందీ అప్పుడే. గర్భం దాల్చిన నాటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేవరకు సుమారు వెయ్యి రోజులు. మెదడు అతివేగంగా ఎదిగే కాలమిది. ఇప్పుడు ఏర్పడిన లోటును తర్వాత పూడ్చడం చాలా కష్టం. అందుకే చాలా దేశాల ప్రభుత్వాలు పిల్లలున్న కుటుంబాలకు డబ్బు సహాయం చేస్తున్నాయి.

సహాయం ఎంత అని మనమందరం అడుగుతాం. ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలి అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. దాని జవాబు కోసం కలకత్తాకు దక్షిణాన, హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ వైపు ఒకసారి చూద్దాం. 1914 నాటి కోమగాట మారు ఓడ సంఘటన వల్ల ఈ పేరు మీరు వినే ఉంటారు. హుగ్లీ పొడవునా బారులు తీరిన జూట్ మిల్లుల ఊళ్లలో ఇదొకటి.

మిల్లులో తల్లులు

ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాది తెలుగువారు ఈ మిల్లులకు వలస వెళ్లారు. అక్కడి రికార్డుల్లో వీరిని ‘మద్రాసీలు’ అని రాశారు. బీహారు నుంచి వచ్చిన మగవాళ్లు ఎక్కువగా ఒంటరిగా ఉండేవారు. మనవాళ్లలో చాలామంది ఆలుబిడ్డలతో వచ్చారు. అందువల్ల మిల్లు పనిలో తెలుగు స్త్రీలు ప్రత్యేకంగా కనిపించేవారు.

1920ల మొదట్లో డాక్టర్ డాగ్మార్ కర్జెల్ బెంగాల్ పరిశ్రమల్లోని స్త్రీల స్థితిగతులను ప్రభుత్వం తరఫున పరిశీలించారు. నార దుమ్ములో, యంత్రాల రొద మధ్య, గోనె పట్టాల మీద, బాబిన్ పెట్టెల్లో పసిపిల్లలు పడుకొని ఉండటం ఆమె నమోదు చేశారు. ఆ తల్లులు పనికి రాకపోతే కూలి లేదు. కూలి లేకపోతే తిండి లేదు.

చట్టంలోని చిక్కు

1929లో బొంబాయి రాష్ట్రం, 1939లో బెంగాల్ ప్రసూతి భత్యం చట్టాలు తెచ్చాయి. ప్రసవానికి ముందూ తర్వాతా కొన్ని వారాల పాటు యజమాని తల్లికి డబ్బు చెల్లించాలి. ఉద్దేశం మంచిదే. అయితే చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కతో చూద్దాం.

రెండు మిల్లులు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క దాంట్లో వెయ్యిమంది పనిచేస్తున్నారు. మొదటి మిల్లులో 200 మంది స్త్రీలు. రెండో దాంట్లో ఒక్కరూ లేరు. ప్రసూతి ఖర్చంతా మొదటి యజమానిదే. స్త్రీలను తీసుకోకపోవడమే రెండో యజమానికి లాభం! మేలు చేయాలని తెచ్చిన చట్టమే స్త్రీకి పని ఇవ్వకపోవడానికి ఒక కారణం అవుతుంది.

1920ల్లో బెంగాల్ జూట్ మిల్లు కార్మికుల్లో స్త్రీలు సుమారు ఆరో వంతు ఉండేవారు. తర్వాతి దశాబ్దాల్లో వారి సంఖ్య బాగా పడిపోయింది. కొత్త యంత్రాలు, రాత్రి షిఫ్టుపై నిషేధం కూడా ఇందుకు కారణాలే. తప్పంతా ప్రసూతి చట్టానిదే అనలేం. కానీ యజమాని ఒక్కడిపైనే వేసిన భారం చివరకు స్త్రీ మీదే పడుతుందన్నది గుర్తుంచుకోవాలి.

ఉమ్మడి నిధి

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే ఇ.ఎస్.ఐ., వేరే దారి చూపింది. 2019 జూలై నుంచి యజమాని వేతనంపై 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చందా కట్టేలా నిర్ణయించారు. ఆ చందా స్త్రీలున్నా లేకపోయినా ఒక్కటే. ప్రసూతి భత్యం ఆ ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. కాబట్టి మన రెండో యజమానికి స్త్రీలను దూరంగా ఉంచడం వల్ల మిగిలేది ఏమీ ఉండదు.

ఇ.ఎస్.ఐ. వర్తించని సంస్థల్లో మాత్రం 1961 నాటి ప్రసూతి చట్టం పాత పద్ధతినే కొనసాగించింది. 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఖర్చు యజమానిపైనే ఉంచారు. 2025 నవంబరు 21 నుంచి ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి.

మిల్లు గేటు బయట

ఇళ్లలో పనిచేసే ఆమెకు, పొలం కూలికి, ఇటుక బట్టీలో పనిచేసే తల్లికి ఏ యజమాని పేరు రాస్తారు? ఇక్కడ ప్రభుత్వ ఖజానాయే ఉమ్మడి నిధి కావాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000 రూపాయలు, అదీ వాయిదాల్లో ఇచ్చేలా మొదలైంది.

ఒక లెక్క వేయండి. 26 వారాలంటే 182 రోజులు. 5,000 రూపాయలను 182తో భాగిస్తే రోజుకు సుమారు 27 రూపాయలు. చట్టం వర్తించే ఉద్యోగినికి ఆ 26 వారాలకూ వేతనం వస్తుంది. ఇద్దరి బిడ్డల మెదడూ ఒకే తీరుగా ఎదుగుతుంది. దానికి కావలసిన పోషకాలూ ఒకటే.

బడి వయసుకు రాష్ట్రాలు చేయూత ఇస్తున్నాయి. పశ్చిమ బెంగాల్ 2013లో ఆడపిల్లల చదువు కోసం కన్యాశ్రీ ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో తల్లికి వందనం కింద బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు 15,000 కేటాయించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేసింది. మంచిదే. కానీ పునాది పడేది బడికి ముందే. ఆ వెయ్యి రోజులకు అందే సాయం ఇంతకంటే చిన్నదిగా ఉండటం సబబేనా?

మీరు చేయగలిగినది

మీ ఇంట్లోనో ఇరుగుపొరుగునో గర్భిణి ఉంటే వెంటనే అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి. మాతా శిశు రక్షణ కార్డు జాగ్రత్త చేయండి. వలస వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమనండి. మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసేవారు, బదిలీ కార్మికులైనా సరే, తమ ఇ.ఎస్.ఐ. చందా సక్రమంగా జమ అవుతోందో లేదో చూసుకోవాలి. ప్రసూతి భత్యానికి ఆ చందా రోజుల లెక్కే ఆధారం.

ఈ సహాయం దానం కాదు. ఈనాటి పసిబిడ్డ రేపటి కార్మికుడు, రేపటి టీచరు, రేపటి నర్సు. వారి సేవలు అందరికీ అందుతాయి. కాబట్టి పెంచే ఖర్చులో కూడా అందరికీ వాటా ఉండాలి.