నియామక పత్రం వెనక పేజీ



యజమానులతో మాట్లాడినప్పుడల్లా నేను వినే మాట: "ఇప్పటికే ఇన్ని రిజిస్టర్లు రాస్తున్నాం, ఇంకా కాగితాలా?" దీన్ని కొట్టిపారేయలేం. పదిహేను మందితో బట్టల దుకాణం నడిపేచోట రాతకోతలకు గుమాస్తా ఒక్కడే.

కానీ అడుగుతున్నదేమిటి? 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం తన సారాంశాన్ని స్థానిక భాషలో, స్త్రీలు పనిచేసేచోట ప్రదర్శించమంది. గోడ దగ్గర నిలబడి చదివితే "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అంటాడు సూపర్‌వైజరు. ఇక ఎవరు చదువుతారు? 2017 సవరణ, ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి స్త్రీకీ రాతపూర్వకంగా తెలపాలంది. ఒక్కసారి, ఒక్క కాగితం.

కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే జీతంతో సెలవు వస్తుంది. అది తెలియక, నేను కలిసిన సేల్స్ అమ్మాయిలు ఐదో నెలలోనే పని మానేశారు. "పర్మినెంటు వాళ్ళకే కదా మేడం" అన్నారు.

అసలు యజమాని భయం కాగితం కాదు, 26 వారాల జీతం. ఆ భారం నిజమే. దానిమీద ప్రభుత్వంతో వాదించమనండి, మనమూ గొంతు కలుపుదాం. అయితే ఇ.ఎస్.ఐ. వర్తించేచోట ఆ డబ్బు కార్పొరేషనే ఇస్తుంది. అక్కడా చెప్పరే!

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అందరికీ నియామక పత్రం ఇవ్వాలి. దాని వెనక పేజీ ఖాళీయే కదా. ఈ హక్కులను తేలిక తెలుగులో కార్మిక శాఖే రాసిస్తే, యజమాని అచ్చువేస్తే చాలు. చదువురాని వాళ్ళకు మనం చదివి వినిపిద్దాం. ముందు ఏ బజారుకు వెళ్దామో భోజనాలయ్యాక మాట్లాడుకుందాం.